బాగుచేయుటయా, మార్చుటయా?

చెడిన వస్తువును బాగుచేసికొనవలెనా, విడిచి వేఱొకటి తెచ్చుకొనవలెనా అను ప్రశ్న నిత్యజీవితమున పలుమాఱు ఎదురగుచుండును. పైకిది ధనమునకు సంబంధించిన లెక్కగా తోచును. కొంత లోతునకు దిగి విచారించినచో ఇందు సత్యమునకు సంబంధించిన సమస్య యొకటి దాగియున్నదని తెలియును. కొండదారులలో నడపెడు సైకిలు చక్రము ఇందులకు చక్కని ఉదాహరణము.

1970 దశకమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమందు, టమల్పాయిస్ కొండ ప్రాంతమున, కొందఱు యువకులు ముప్పది, నలువది ఏండ్లనాటి పాత సైకిళ్లను బాగుచేసి మట్టిదారుల వెంట దిగసాగిరి. 1976లో అచట ఆరంభమైన పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు. ఒక్కమాఱు కొండ దిగునప్పటికి వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు వేడికి కాలిపోయెడిది. దానిని మరల నింపవలసివచ్చుటచే ఆ పేరు కలిగినది. లోకము పాతవని విడిచిన వస్తువులనుండియే ఈ సైకిలు జన్మించినది. అయినను ఆ దారుల తాకిడికి ఆగలేని భాగములను మార్చుటయు వారికి తప్పలేదు.

ఎడ్లబండి చక్రమున బరువును నేలవైపునున్న కొయ్య ఆకులు మోయును. సైకిలు చక్రపు పద్ధతి వేఱు. ఇందు సాధారణముగ 32 సన్నని పుల్లలు హబ్బునకును రిమ్మునకును నడుమ లాగి బిగింపబడియుండును. ఒక్కొక్క పుల్లయందలి బిగువు సుమారు 100 కిలోల బరువునకు సమానము. బరువు పడినపుడు క్రిందిపుల్లల బిగువు కొంత తగ్గును. అట్లు తగ్గుటకు చాలినంత బిగువు ముందే యుండుటచేత చక్రము నిలుచును.

చక్రము వంగినపుడు పనివాడు బెండు తీయును. ఒకవైపు పుల్లలను కొంచెము బిగించి, రెండవవైపువానిని కొంచెము వదలును. నిపులును ఒక్కమాఱుగా పావుచుట్టుకంటె మించి త్రిప్పడు. పుల్లలను వ్రేలితో మీటి వినును. ఒకేవైపునందలి పుల్లలన్నియు ఇంచుమించు ఒకే శ్రుతిని పలికినచో బిగువు సమముగ నున్నదని అర్థము.

రిమ్మే వంకరపడినచో నేమి చేయవలెను? నాలుగు పుల్లలను అతిగా బిగించి, ప్రక్కవానిని సడలించి, దానినికూడ కంటికి తిన్నగా కనబఱుపవచ్చును. చూచువారు మెత్తురు. కాని ఆ తిన్నదనము రిమ్మునది కాదు. నాలుగు పుల్లలపై మోపిన భారముచే కల్పింపబడినది. సడలినవి పని చేయవు. మిగిలినవి ఒకనాడు తెగును. అపుడు పడువాడు పనివాడు కాదు, నమ్మి ఎక్కినవాడు. పనివాడు నోటితో అసత్యమాడలేదు, చక్రముచేత ఆడించినాడు.

“బీదవాడు క్రొత్తరిమ్ము కొనలేడు, ఎట్లో నడచునట్లు చేసియిచ్చుట దయ కాదా?” అని కొందఱందురు. దయయే. కాని “ఇది ఇల్లు చేరుటకు మాత్రమే, కొండకు పనికిరాదు” అని స్పష్టముగ చెప్పినపుడే అది దయ యగును. చెప్పనిచో అదియే ద్రోహము.

రెండవ దోషమును గలదు. స్వల్పమైన వంకరకే చక్రమంతటిని పాఱవేయుట సోమరితనము, వ్యర్థవ్యయము. పుల్లలను వదలి, రిమ్మును సమతలముపై ఉంచి చూడవలెను. చక్కగా ఆనినచో, పగుళ్లు లేనిచో, బాగుచేయవచ్చును. పగిలినచో మార్చవలెను. అప్పుడును హబ్బు చెడనిచో దానిని నిలుపుకొని దానికే క్రొత్తరిమ్మును కట్టవచ్చును.

మన కుటుంబములను, సంస్థలను ఈ దృష్టితో పరీక్షించికొందము. లోపము కట్టుబాటునందుండగా, ఓర్పుగల ఒకరిద్దఱిని మఱింత బిగించి, “మా ఇల్లు తిన్నగా నడచుచున్నది” అని చెప్పుకొనుట లేదా? ఆ ఇంటి కోడలో, పెద్దకుమారుడో మాటాడక మోయుచుండుటచేతనే ఆ తిన్నదనము నిలిచియున్నది. వారు తెగిననాడు ఆశ్చర్యపడుదుము. భారమును సమముగ పంచినను నిలువగల కట్టుబాటును బాగుచేసికొందము. అట్లు నిలువలేనిదానిని మార్చుకొందము. నడుమనున్న ప్రేమ చెడనిచో, క్రొత్త కట్టుబాటును దాని చుట్టునే కట్టుకొనవచ్చును.