కూలిన తోట, నిలిచిన సిలువ



2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానములో తాతలనాటి కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగినవి. ఆ దినములలో ఒక సహోదరుడు నన్నిట్లడిగెను: "అయ్యగారూ, ప్రక్కవాని చెట్లు కొన్ని నిలిచినవి. నావన్నియు పడిపోయినవి. నా విశ్వాసములో లోపమున్నదా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా, పంట బాగుగా వచ్చిన ప్రతి యేట "ఇది మీ విశ్వాసఫలము" అని బోధించినవాడను నేనే. పంట విశ్వాసఫలమైతే, నష్టము అవిశ్వాసఫలము కావలెను గదా!

అది సువార్త కాదు. సిలోయములో గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమంది తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని ప్రభువే చెప్పెను (లూకా 13వ అధ్యాయము). అంతటితో ఊరకుండక, బ్రతికియున్నవారిని మారుమనస్సునకు పిలిచెను. చెట్టు నిలిచినవాడును పాపియే, పడినవాడును పాపియే. ఇద్దరికిని ఆధారమొక్కటే: క్రీస్తు చిందించిన రక్తము. దానికి మన తోట ఏమియు కలుపలేదు. తుఫాను దానిలోనుండి ఏమియు తీసివేయలేదు. కలిమియే దేవుని దయకు గురుతైతే, సొంత ఇల్లైనను లేక సిలువమీద మరణించిన మన ప్రభువును ఏమందుము?

ఈ మాట ఆ సహోదరునికి ఆలస్యముగా చెప్పితిని. నీవు ఆలస్యము చేయకుము. పొరుగువాని తోట కూలినప్పుడు అతని పాపమును వెదకవద్దు. నాలుగు కొబ్బరిమొక్కలు పట్టుకొని వెళ్లుము. మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కృపకు అంత కాలము అక్కరలేదు. అది నేడే నీది, అతనిది.