ఉంటానని రాసిచ్చే ఊరు

పూండి

బాబూ,

మొన్న దోహా నుంచి సెలవుకొచ్చినప్పుడు కెనడా కాగితాలు నా ముందు పెట్టి ఒక మాటన్నావు. "పి.ఆర్. సేతికి రానీ మామ్మా, ఆ తర్వాత టిమ్మిన్స్‌లో ఎవుడుంటాడు? టొరంటో పోతాను." మీ అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పెళ్లిచూపుల హడావిడిలో ఉన్నావని అప్పుడు నోరు మెదపలేదు.

నువ్వు వదిలి వెళ్లిన ఆ కాగితాలు రెండుసార్లు చదివాను. చిన్న ఊళ్లలో పనిచేసేవాళ్లకు శాశ్వత నివాసం, అదే నువ్వనే పి.ఆర్., ఇవ్వడానికి 2025 జనవరిలో కెనడా ప్రభుత్వం మొదలుపెట్టిన పథకమిది. అందులో ఉన్నవి 14 ప్రాంతాలే. టిమ్మిన్స్ బంగారు గనుల ఊరు, టొరంటోకి ఉత్తరాన దాదాపు 700 కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల్లో 41 వేల మంది. శీతాకాలంలో మైనస్ 30 కూడా దాటుతుంది. అక్కడి పిల్లలు చదువులకనీ ఉద్యోగాలకనీ దక్షిణాన ఉన్న నగరాలకు వెళ్లిపోతుంటే, పనులు నడవక పైదేశాల వాళ్లను పిలుచుకుంటున్నారు. యజమాని ఉద్యోగమివ్వాలి, ఆ ఊరు సిఫారసు చెయ్యాలి, అక్కడే ఉండాలన్న ఉద్దేశం నీకుండాలి. ఏటా ఇంతమందికే అని లెక్క కూడా ఉంది. అంటే నీకు దక్కే చోటు ఇంకెవరికో దక్కదన్నమాట.

పి.ఆర్. వచ్చాక ఆ దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, చట్టం అడ్డుపడదు. నిజమే. అందుకే ఈ ఏర్పాటంతా నీ మాట మీదే నిలబడి ఉంది.

నా సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 1979లో తెనాలి దగ్గర నుంచి ఏ.ఎన్.ఎం.గా ఇక్కడికొచ్చాను. అప్పటికి నాకు 21 ఏళ్లు. ఇసుక దారులు, జీడితోటలు, సగం అర్థంకాని యాస. ట్రంకుపెట్టెలో చీరలు బయటికి తియ్యకుండానే ఆరు నెలలు గడిపాను. మనసంతా బదిలీ మీదే. అర్జీ పెట్టిన నాలుగు రోజులకే ఊరంతా తెలిసిపోయింది. చిన్న ఊళ్లో ఏదీ దాగదు, టిమ్మిన్స్‌లోనూ దాగదు. ఒక సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చి నా అరుగు మీద కూర్చుంది. కోడలికి ఏడో నెల. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్తూ, "నువ్వూ ఎల్లిపోతావేటి నర్సమ్మా?" అంది.

ఆ 'నువ్వూ'లో నాకు ముందు వచ్చి పోయినవాళ్లందరూ ఉన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఆ కోడలి కడుపులో ఉన్నది మీ అమ్మే, బాబూ. ఇరవై ఏళ్లకు నిన్నూ ఈ చేతులతోనే అందుకున్నాను.

ఇంకో మనిషి సంగతి చెప్తాను. పూండిలో పాసింజరు ఎక్కితే పలాస, మందస రోడ్డు, బారువ దాటాక సోంపేట వస్తుంది కదా, అక్కడ ఆరోగ్యవరం ఆసుపత్రిలో బెన్ గలిసన్ అనే కెనడా డాక్టరు పనిచేశారు. శుక్లాలు కమ్మి చూపు పోయినవాళ్లకు ఆపరేషన్లు చేసేవారు. ఆ ఆసుపత్రికి సాయం చెయ్యమని తన దేశపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌ని ఆయన అడిగితే, 1963లో కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ యూనివర్సల్ అనే సంస్థ పుట్టింది. ఆ సంస్థ ఇప్పుడు చాలా దేశాల్లో కళ్లకు వైద్యం చేయిస్తోంది. నువ్వు పోబోయే దేశం మనిషి మన పక్క ఊరికొచ్చి ఉన్నాడు. సోంపేట ఆయనకు మెట్టు కాలేదు.

నువ్వు 6జీ పాసైన వెల్డరువి. పైపుకి ఆర్గాన్ వెల్డింగ్ ఎలా పట్టాలో నీకు నేను చెప్పేదేముంది? కానీ ఆ ఊరికి నీ చెయ్యి ఒక్కటే చాలదు, మనిషి కావాలి. ఉద్దానం పిల్లాడివి, ఇది నీకు వేరే చెప్పాలా? కిడ్నీ జబ్బుతో విశాఖ దాకా తిరిగిన ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చిపోయాక కొబ్బరి, జీడి నేలమట్టమై, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మనకు దిక్కయింది పక్కింటివాళ్లే. అక్కడ మంచు పడ్డ పొద్దున పక్కింటి ముసలాయన వాకిలి కూడా ఊడ్చు. తెలుగువాళ్ల గదిలో ఫోను పట్టుకుని రోజులు దొర్లించకు.

జీవితమంతా అక్కడే ఉండాలని నా మాటకు అర్థం కాదు. జీతం ఎగ్గొట్టినా, మర్యాద లేకుండా చూసినా వచ్చెయ్. పెళ్లయ్యాక అమ్మాయికి అక్కడ పని దొరక్కపోతే ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి. నేననేది ఒక్కటే, పోయే ఉద్దేశం ముందే పెట్టుకుని ఉంటానని చెప్పకు. అలా ఒకరిద్దరు చేస్తే మన పేరు చూసి ఆ యజమాని తర్వాతివాడి కాగితం పక్కన పెట్టేస్తాడు. టొరంటోయే కావాలంటే దానికి వేరే దారులున్నాయి. కష్టమైనా అవే పట్టు.

ఆఫర్ ఖాయం చేయిస్తానని నాలుగు లక్షలు అడుగుతున్నవాడికి పైసా ఇవ్వకు. ఉద్యోగం ఇస్తామని పనివాడి దగ్గర డబ్బు గుంజడం కెనడాలో చట్టవిరుద్ధం. తిత్లీ తర్వాత మీ అమ్మ కడవలతో నీళ్లు మోసి బతికించుకున్న కొబ్బరిమొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ తోట తాకట్టు పెట్టనివ్వను.

మరి పూండి మాటేమిటి, పూండిని వదిలి పోవడం తప్పు కాదా అని నువ్వడగొచ్చు. ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. తెనాలిలో మా అమ్మ చివరిరోజుల్లో నేను పక్కన లేను. దానికి నా దగ్గర ఈ రోజుకీ జవాబు లేదు. నువ్వు మాత్రం మీ అమ్మకు వారం వారం ఫోను చెయ్యి, ఏడాదికోసారి రా.

సంతకం పెట్టేముందు నాకొక ఉత్తరం రాయి, ఫోను వద్దు. మూడో శీతాకాలానికి ఎక్కడుంటావో నీ చేత్తో రాసి పంపు.

ఇట్లు
మీ నర్సమ్మ