పని లేని ప్రయాణం

మా పేట మాటల్లో విహారయాత్ర అనే మాట లేదు. ఊరు దాటాలంటే మాకు ఏదో ఒక పని ఉండాలి. ఊడ్పులకి పోవాలి, కోతలకి పోవాలి. చావుకి పోవాలి, పెళ్ళికి పోవాలి. కాకినాడ పెద్దాసుపత్రికి పోవాలి. ఇవేవీ కాకపోతే ప్రాణం దక్కించుకోడానికి పోవాలి. 1985లో కారంచేడు మాదిగలు చీరాల పోయారు. 1991లో చుండూరు మాలలు తెనాలి పోయారు. అవీ ప్రయాణాలే. ఎవరూ పిలవకుండా, ఎవరూ తరమకుండా, ఊరికే ఒక చోటు చూసి రావడానికి పోయిన మనిషి నాకు తెలిసి మా పేటలో ఒక్కరూ లేరు.

అలాంటి పేటనుంచి నేనూ మా అమ్మా మారిషస్ పోదామనుకుంటున్నాం. నేను సర్కారు బడిలో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. నెలకి 8 వేల చొప్పున 25 నెలల చీటీ వేశాను. వచ్చే వేసవి సెలవులకి చేతికొస్తుంది. ఆ 2 లక్షలూ దీనికే.

మారిషసే ఎందుకంటే దానికో కారణముంది. మా ఊరికి కోరంగి ఎంతో దూరం లేదు. ఇప్పుడక్కడికి జనం మడ అడవి చూడ్డానికొస్తారు. ఒకప్పుడు ఆ రేవునుంచే కూలీలు ఓడలెక్కారు. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరుకుతోటల దొరలకి ఇక ఊరికే చాకిరీ చేసేవాళ్ళు లేకుండా పోతారని అంతకు ముందేడాదినుంచే మన దేశంలో ఒప్పంద కూలీలని పట్టడం మొదలైంది. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షలమంది పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. దిగినవాళ్ళ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రిజిస్టర్లలో రాశారు. వాళ్ళల్లో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళూ ఉన్నారు. ఆ రేవుని కూలీ ఘాట్ అనేవారు. ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే. కూలీకి పోయినవాళ్ళ మనవలూ మునిమనవలూ అక్కడుండబట్టే ఇక్కడి పండితులకి ఆ దీవిలో వేదిక దొరికింది. ఆ సంగతి ఉపన్యాసాల్లో ఎంత వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పాస్‌పోర్టు కాగితాలు నింపుతుంటే అందులోనూ ఒంటిమీది గుర్తుల గడి కనిపించింది. ఇంకో తేడా కూడా తెలిసింది. నేను పదో తరగతి దాటాను గనక నా పాస్‌పోర్టుకి ఏ ముద్రా ఉండదు. మా అమ్మ బడి మొహం చూడలేదు గనక ఆమె పాస్‌పోర్టు మీద వలస తనిఖీ అవసరమనే ముద్ర పడుతుంది. 1983 వలసల చట్టం కింద పెట్టిన ఏర్పాటు అది. చదువులేని కూలీ పరాయి దేశంలో మోసపోకూడదని పెట్టారు, కాదనను. కాకపోతే ఒకే గడపలో పుట్టిన ఇద్దరిలో ఒకరిని యాత్రికురాలిగా, ఒకరిని కూలీగా ఆ పుస్తకమే విడదీస్తుంది.

విషయం బయటికి పొక్కాక మూడు మాటలు నా మీదికొచ్చాయి.

మొదటిది అమ్మది. "అక్కడ మనోళ్ళెవరున్నారే? ఏం పనుందని ఎల్తాం?" అంది. రెండోది స్టాఫ్ రూములోది. "రిజర్వేషన్లలో ఉద్యోగాలు, ఇప్పుడు విమానాల్లో షికార్లు" అన్నాడు ఒకాయన, నవ్వుతూనే. ఆయన పోయినేడు కుటుంబంతో సింగపూర్ పోయొచ్చాడు. దానికి ఎవరూ లెక్క అడగలేదు. మాకు మాత్రం తిన్న మెతుక్కీ కట్టిన చీరకీ లెక్క చెప్పాలి. నా జీతం నేను పాఠం చెప్పినందుకిచ్చింది. ఆ మాటకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మూడోది ఉద్యమంలో పెరిగిన ఒక అన్నది. నన్ను చదివించడానికి చందాలెత్తిన మనిషి. "అమ్మాయ్, ఆ 2 లక్షలతో పేటలో నలుగురు పిల్లలు కోచింగుకి పోతారు గదా" అన్నాడు. ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. చదువుకున్నవాళ్ళు తమ జనాన్ని మర్చిపోయారని బాబాసాహెబ్ 1956లో ఆగ్రాలో బాధపడ్డారు. ఆ బాధని గోడమీద ఫొటోలాగా తగిలించుకుని ఊరుకునేది కాదు. నేను సాయంత్రాలు పేటలో పిల్లలకి లెక్కలు చెప్తాను. ముగ్గురికి ఫీజులు కడుతున్నాను. ఇది గొప్ప కాదు, బాకీ. ఆ బాకీ ఉందని ఒప్పుకునే మాట్లాడుతున్నాను.

కానీ బాకీ తీరాకే సెలవు అంటే నాకు మా తాత గుర్తొస్తాడు. మా తాత ఆసామి దగ్గర పాలేరు. అప్పు తీరితే ఇంటికి పోవచ్చన్నారు. అప్పు తీరలేదు, పోలేదు. తీరని అప్పు చూపించి మనిషిని కట్టెయ్యడం దొర పద్ధతి. మన ప్రేమ కూడా ఆ పద్ధతే నేర్చుకుంటే ఎలా? పేటలో ఆఖరి పిల్ల చదువుకునేదాకా నేను సముద్రం చూడకూడదంటే, ఆ ఆఖరి పిల్లకి కూడా మేం నేర్పేది చాకిరీయే.

బాబాసాహెబ్ బాకీ గురించే కాదు, తీరిక గురించి కూడా రాశారు. యంత్రాలు వద్దన్న గాంధీవాదాన్ని ఆయన కాదనడానికి అదొక ముఖ్య కారణం. మనిషి పశువులా బతక్కూడదంటే తీరిక ఉండాలి, తీరిక లేనిచోట సంస్కృతి లేదన్నది ఆయన వాదన. ఉత్త వాదనతో ఆగలేదు. వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఫ్యాక్టరీ కార్మికులకి జీతంతో సెలవుల బిల్లు తెచ్చారు. అది 1945లో చట్టమైంది. మరుసటేడు వారానికి 48 గంటల పని చట్టం వచ్చింది. అంటే సెలవు ఎవరో దయతో పెట్టిన పాయసం కాదు. మన పెద్దాయన పోట్లాడి రాయించిన హక్కు.

ఆయనా చోట్లు చూడ్డానికి పోయినవాడే. 1934లో 30 మందిదాకా సహచరులతో ఎల్లోరా వైపు యాత్ర బయల్దేరారు. దౌలతాబాద్ కోట వాకిట్లో చెరువులో దుమ్ము కడుక్కుంటే, అంటరానివాళ్ళు నీళ్ళు మైలపరిచారని గొడవైంది. చివరికి లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా తుపాకీవాణ్ణి వెంటబెట్టి కోట చూపించారు. కోట చూడాలన్న కోరికక్కూడా కాపలా పెట్టిన దేశం ఇది. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు అందులో పేదవాడు తను గుడి గడప తొక్కలేక గబ్బిలాన్ని కైలాసానికి పంపాడు. దారిలో కొండలూ నదులూ పట్టణాలూ అన్నీ వర్ణించి చెప్పాడు. లోకాన్నంతా ఎరిగిన మనిషి, పోలేని మనిషి. ఎన్నాళ్ళని గబ్బిలాలని పంపుతాం?

ఇంతవరకూ నాకు ధైర్యంగానే ఉంది. ఇక్కడినుంచే కష్టం. ఆ దీవిలో నేను పడుకున్న పక్క ఎవరు దులుపుతారు?

మా చిన్నమ్మ కువైట్‌లో 11 ఏళ్ళు ఇంటిపని చేసింది. సముద్రపొడ్డునున్న ఊరు. ఇసకలో కాలు పెట్టావా చిన్నమ్మా అంటే, "బాల్కనీ తుడిచేటప్పుడు కనపడేది" అంది. అక్కడ ఇంటిపనివాళ్ళకి వారానికో రోజు సెలవివ్వాలని చట్టం వచ్చింది 2015లో. అప్పటికి చిన్నమ్మ తిరిగొచ్చేసింది. మారిషస్‌లో లె మార్న్ అని ఒక కొండ ఉంది. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ. 2008లో దానికీ యునెస్కో గుర్తింపొచ్చింది. ఆ కొండ పాదం దగ్గరే, సముద్రపొడ్డున, గొప్పవాళ్ళ హోటళ్ళున్నాయి. నేనక్కడికి పోయి గంట కొట్టి మంచినీళ్ళు తెప్పించుకుంటే, తెచ్చిన మనిషి ముందు నేనెవర్ని?

పోకుండా ఇంట్లో కూర్చుంటే ఈ ప్రశ్న తీరిపోదు. నేను పోకపోయినా ఆ పక్కలు దులుపుతూనే ఉంటారు. తీరేదల్లా ఒక్క దారినే. నా సెలవు హక్కయితే ఆమె సెలవూ హక్కే. నా జీతానికి లెక్క అడగొద్దన్నదాన్ని, ఆమె జీతం ఎంత, పని గంటలెన్ని అని అడిగి తీరాలి. ఇక్కడ నా బడి ఊడ్చే ఆయమ్మకి నెలలతరబడి జీతం రాకపోతే దాని గురించి రాయకుండా, సంతకాలు పెట్టించకుండా విమానమెక్కితే నేను చూసింది దీవి కాదు, దొరతనం. తీరికని మనం దొరలదగ్గర లాక్కోవాలి. మనకన్నా కిందున్నవాళ్ళదగ్గర కాదు. చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ రెంటికీ తేడా ఎప్పుడూ మరవొద్దు.

అన్నకి ఈ మాటలే చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. "పోయిరా, వచ్చి పిల్లలకి చెప్పు" అన్నాడు. అమ్మ మాత్రం పాస్‌పోర్టు ఆఫీసులో పది వేళ్ళూ యంత్రం మీద ఆనించి, సంతకం పెట్టమంటే వేలిముద్రే వేసి బయటికొచ్చింది. "ఎవరికీ చాకిరీ చెయ్యక్కర్లేదు గదే అక్కడ?" అని మళ్ళీ అడిగింది. అక్కర్లేదన్నాను. ఇక నా శాఖ అనుమతి కాగితం మిగిలింది. అందులో ప్రయాణం దేనికని అడుగుతారు. చూడ్డానికి అని రాస్తాను.