వరస కలిసిన ఊరు

చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళను మా పామిడిముక్కలలో రెండే అడుగుతారు. ఎప్పుడొచ్చారు? ఎన్నాళ్ళుంటారు? అమెరికా వెళ్ళిన దగ్గర్నుంచి పుట్టింటికి వచ్చిన ప్రతిసారీ నేనూ ఆ రెంటికీ జవాబు చెబుతూనే ఉన్నాను. ఆ అడగడంలో ప్రేమకు లోటు లేదు. కానీ రెండో ప్రశ్నకు తేదీతో సహా జవాబు చెప్పగలిగినంతకాలం ఊరికి మనం అతిథులమే. 2020లో ఆ జవాబు మా చేతుల్లో లేకుండా పోయింది.

మార్చి మొదట్లో నాన్నగారిని చూసి వెళదామని పిల్లలతో వచ్చాను. ఆ నెలలోనే అమెరికా కాన్సులేట్లు మామూలు వీసా పనులు ఆపేశాయి, మావీ ఆగాయి. 22 తర్వాత విదేశీ విమానాలు లేవు, 25 నుంచి లాక్‌డౌన్. జూన్‌లో అక్కడి ప్రభుత్వం కొత్తగా హెచ్-1బి వీసా మీద వచ్చేవాళ్ళనీ, వాళ్ళ కుటుంబాలనీ దేశంలోకి రానివ్వడం ఆపింది. పిల్లల నాన్న డల్లాస్‌లో ఒక్కరే, మేం ఇక్కడ. వీడియోలో మా రాత్రి భోజనాల పంక్తిని చూస్తూ అక్కడ పొద్దుటి కాఫీ తాగే ఆయన ముఖం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అయినా ఆ ఏడాది మాట వస్తే మా ఇంట్లో అందరి ముఖాలూ వెలుగుతాయి. ఆ వెలుగు ఎక్కడిదా అని చాలాసార్లు ఆలోచించాను.

పిల్లల బడి మాకు సాయంత్రం ఆరున్నరకు కంప్యూటర్లో మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసేది. పగలంతా ఊరిదే. అంతకుముందు వాళ్ళు ఈ నేలను సెలవుల్లోనే చూశారు. ఉయ్యూరుకూ పామర్రుకూ మధ్య ఉన్న ఈ పల్లెల్లో క్యాలెండరు నీటి చేతిలో ఉంటుందని ఆ ఏడాదే తెలిసింది వాళ్ళకు. ఎండాకాలంలో కాలువ కట్టేశారు. అడుగు ఎండి నెర్రెలిస్తే అందులోనే క్రికెట్టు. తొలకరి తర్వాత కాలువ వదిలారని కబురు రాగానే నాన్నగారు మనవడినీ మనవరాలినీ గట్టు మీదికి తీసుకెళ్ళారు. ముందు నురగ, ఎండుటాకులు, చెత్త. వాటి వెనక ఎర్రటి నీళ్ళు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆయనే అందరికంటే ఆత్రంగా చూశారు.

ఆ గట్టు మీదే వాళ్ళకు ఆనకట్ట కథ చెప్పారు. 1832–33 కరువు కృష్ణకు ఇరువైపులా ఊళ్ళను ఊడ్చేసింది. ఆ తర్వాత కాటన్ దొర పూనికతో, కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా బెజవాడలో 1852–55 మధ్య ఆనకట్ట లేచింది. 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజి వచ్చింది. నీళ్ళొచ్చాక వరి, వరి మిగిలాక చదువులు, చదువులయ్యాక ప్రయాణాలు. ఇక్కడికి దగ్గర్లోని పెదముత్తేవిలో పుట్టిన కాకర్ల సుబ్బారావు గారు అమెరికాలో రేడియాలజిస్టుగా పేరు తెచ్చుకుని, అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానాకు తొలి అధ్యక్షులై, ఎన్టీ రామారావు గారు పిలిస్తే తిరిగొచ్చి హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిని నిలబెట్టారు. అలా రాగలిగినవాళ్ళు కొద్దిమందే. కూడు దొరక్క ఊరు విడిచినవాళ్ళ దుఃఖం ఎలాంటిదో నాకు తెలియదు. మమ్మల్ని దేశాలు దాటించింది ఈ కాలువ పండించిన పంటే. అందుకే మాకు ఊరి మీద బెంగ కన్నా బాకీ ఎక్కువ.

పక్కనే గురజాడ ఉంది. అప్పారావు గారి పూర్వీకులు అక్కణ్ణుంచే కళింగసీమకు తరలివెళ్ళారంటారు. ఊరు విడిచినా ఊరి పేరు ఇంటిపేరై తరతరాలు వెంట నడిచింది. మా పిల్లల ఇంటిపేరులోనూ ఒక ఊరుంది. దాన్ని వాళ్ళు ఏ రోజూ చూడలేదు. పేరు దానంతట అది ఊరిని దగ్గర చేయలేదు.

మరి ఏది చేసింది? వరసలు చేశాయనుకుంటాను. డల్లాస్‌లో గడప తొక్కిన పెద్దవాళ్ళంతా అంకుల్, ఆంటీ. ఇక్కడ ఆ పిలుపుకు ఎవరూ పలకలేదు. "ఆంటీ ఏంట్రా? మీ అమ్మకు పిన్నినైతే నీకు అమ్మమ్మను కానూ?" అని ఎదురింటి పిన్నిగారు మావాణ్ణి నిలబెట్టి మళ్ళీ పిలిపించుకున్నారు. వాడికంటే ఏడాది చిన్నవాడొకడు నాకు తమ్ముడి వరస. అంటే వీడికి మేనమామ. మామయ్యా అని పిలిపించుకున్న పాపానికి ఆ పసివాడు పెద్దరికమంతా నెత్తిన వేసుకుని, మేనల్లుడికి ఈత నేర్పడం తన పనే అన్నట్టు నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి కాలువలోకి దింపాడు. వీడికి చదువొచ్చా, బుద్ధిమంతుడేనా అని ఊరు ముందుగా విచారించలేదు. మనిషిని చూడగానే ఒక చోటు చూపించింది. ఆ చోటుకు తగ్గ పనీ చెప్పింది.

అయితే ఆ వరసల్లో అంతా మంచే ఉందనలేను. పిలుపులో కులం గీత దాటి అక్కా, అన్నా అనుకుంటారు. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి గీత మళ్ళీ కనబడుతుంది. "అక్కా అని పిలుస్తాం కదా అమ్మమ్మా, మరి ఆ అక్కకు కాఫీ గ్లాసు వేరే ఎందుకు?" అని మా అమ్మాయి అడిగింది. మా అమ్మ ఆ పూట ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఆ వేరు గ్లాసు మా ఇంట్లో లేదు. పుట్టి పెరిగిన నేను ఇన్నేళ్ళలో అడగని మాట అది. ఊరు తనకు ఇచ్చిన వరసకు నా కూతురు ఆ రోజు న్యాయం చేసింది.

నన్ను కూతురిగా చూడటం పిల్లలకు మరో పండగ. తలంటుకుని జుట్టు ఆరకుండా పడుకున్నందుకు మా అమ్మ నన్ను కేకలేస్తుంటే ఇద్దరూ గుమ్మంలో చేరి ఆనందంగా వినేవాళ్ళు. నాన్నగారు "అమ్మలూ" అంటే నేను "ఆఁ నాన్నా" అంటూ పరిగెత్తడం వాళ్ళకు కొత్త. ఆజ్ఞలు వేసే అమ్మ కూడా ఒకరి చేతికింద పెరిగిందని, ఆ చేతులు ఇంకా వెచ్చగా ఉన్నాయని తెలిశాక వాళ్ళు నాతో మాట్లాడే తీరులో చనువు పెరిగింది. ఒక్కోసారి నా మీద జాలి కూడా పడేవాళ్ళు.

నవంబరు చివర నివర్ తుఫాను వచ్చింది. తీరం దాటింది పుదుచ్చేరి దగ్గరైనా వాన మమ్మల్నీ వదల్లేదు. కోసిన వరి పనల మీదుండగా చేలల్లో నీళ్ళు నిలిచాయి. తడిసిన కంకి మొలకెత్తకుండా లీటరు నీటికి యాభై గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి, పనలు తిరగేయాలి. కూలీలు చాలలేదు. రాత్రి ఒంటిగంటన్నర దాకా పాఠాలు విన్న పిల్లలు తెల్లారి తాతయ్య వెనక బురదలోకి దిగారు. బకెట్లు మోశారు, ఉప్పు కలిపారు, పనలెత్తారు. చేతులకు దురదలు పుట్టాయి. కొంత దక్కింది, చాలా పోయింది. గట్టు మీద కూలబడిన తాతయ్య పక్కన మావాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో ఏ పాఠంలోనూ అంత దగ్గరగా వాడికి తెలిసి ఉండదు.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ పిల్లలను ఎన్నాళ్ళుంటారని అడగలేదు. "ఏరా, ఎటు బయల్దేరావు?" అన్నారు, సొంత పిల్లలను అడిగినట్టే. పని ఉంటే పురమాయించారు, తప్పు చేస్తే మందలించారు. నేను వెతుకుతున్న సంతోషం అక్కడే ఉందని నాకు నమ్మకం. తమతో ఒకరికి పని పడటంలో ఉంది అది.

సంక్రాంతి దాటాక వీసాలు తేలి బయల్దేరాం. ఈత నేర్పిన గురుదక్షిణగా చిన్న మేనమామకు మంచి క్రికెట్ బ్యాటు కొనిస్తానని మావాడు మాటిచ్చాడు. విజయవాడలో ఎవరితోనైనా కొనిపించి పంపుదామని నేనంటే వాడు ఒప్పుకోవడం లేదు. తనే తీసుకెళ్ళి చేతికివ్వాలట. ఆ మామయ్య కూడా అదే అంటున్నాడు.