కప్పని గొయ్యి

వాక్యభాగము: నిర్గమకాండము 21:33-34, యెహెజ్కేలు 34:17-19



మోషే ధర్మశాస్త్రములో పది ఆజ్ఞల తరువాత వచ్చు అధ్యాయములను మనము త్వరత్వరగా చదివి దాటిపోవుచుందుము. పొడిచే ఎద్దు, తప్పిపోయిన గాడిద, చేనికి అంటుకొనిన నిప్పు, ఇట్టి సంగతులు ప్రసంగమునకు పనికిరావని బోధకులు సయితము తలంచుట కద్దు. అయితే పల్లెటూరి వారమైన మనకు ఆ అధ్యాయములే వాకిటికి దగ్గరగా నుండును. వాటిలో గొయ్యిని గూర్చిన చట్టమొకటి యున్నది. ఒకడు పాత గోతి మీది కప్పు తీసినను, క్రొత్త గొయ్యి త్రవ్వి కప్పక విడిచినను, అందులో పొరుగువాని ఎద్దుగాని గాడిదగాని పడి చచ్చినయెడల, ఆ గొయ్యి ఎవనిదో వాడే దాని వెల చెల్లింపవలెను.

ఈ నెల ఈ వాక్యమును ఎత్తుకొనుటకు కారణమున్నది. మేము దర్శించిన ఒక గ్రామములో ఊరికి తూర్పుగా ఎర్రమట్టి దిబ్బ యున్నది. దాని ప్రక్క కొన్ని యేండ్లుగా గ్రావెలు క్వారీ నడచుచున్నది. దిబ్బలో సగము కరిగిపోయినందున, లీజుదారుడు ఇప్పుడు క్రిందనున్న మెట్ట చేల వైపు క్వారీని పెంచదలచెను. మన గుడి ఆవరణ పల్లములో నున్నది. వానలు పడిన ఆదివారమున చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని స్త్రీలు ఆరాధనకు రావలసిన స్థితి. లీజుదారుడు సంఘ పెద్దలకు కబురంపెను: ఆవరణ మెరక చేయుటకు కావలసినంత గ్రావెలు ఉచితముగా తోలించెదను, గుడి వరకు బాట వేయించెదను, క్వారీ పెంచుటకు అభ్యంతరము లేదని ఒక కాగితము మీద సంతకములు మాత్రము చేయుడి అని.

శనివారము సాయంకాలము పెద్దలు కూడిరి. వారిలో ఒకని కుమారుడు ఆ క్వారీలో టిప్పరు నడుపుచున్నాడు. స్త్రీల సమాజము తరపున వచ్చిన తల్లికి క్వారీని ఆనుకొని రెండెకరముల వేరుశనగ చేను, ఒక బావి ఉన్నవి.

"అక్కా, వాడి జీతంతోనే మా యిల్లు గడుస్తూంది. క్వారీ పెరగకపోతే మూసేస్తామంటున్నారు" అని ఆయన అన్నాడు.

"నీ కొడుకు నా కొడుకే, తమ్ముడా. నా బావిలో నీళ్లు పోయాక గుడి వాకిలి ఎంత మెరక చేసినా నాకేం లాభం?" అని ఆమె అన్నది.

వీరిద్దరును ఒకే బల్లయొద్ద రొట్టె, ద్రాక్షారసము పుచ్చుకొనువారు. ఎవరి మాటయు అబద్ధము కాదు. క్వారీవాడు దుష్టుడు, రైతు నీతిమంతుడు అని విభజించి చెప్పుట సులువు. ఆ సులువైన ప్రసంగము చేయుటకు మాకు మనసు రాలేదు.

ఏలయనగా మనమందరము గ్రావెలు మీద నిలిచియున్నవారమే. మన యిండ్ల పునాదులలో పోసినది అదే. బస్సు వచ్చు రోడ్డు క్రింద పరచినది అదే. తెలంగాణలో మొరమనినను, కోస్తాలో గ్రావెలనినను, దిబ్బ త్రవ్వక అది రాదు. త్రవ్వుటయే పాపమని పరిశుద్ధ గ్రంథము ఎక్కడను చెప్పలేదు. ద్వితీయోపదేశకాండము 8వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు మంచి దేశమును వర్ణించునప్పుడు, గోధుమలు, అంజూరములతో పాటు, కొండలలో త్రవ్వి తీయదగిన రాగిని కూడ లెక్కించెను. యోబు 28వ అధ్యాయము గని త్రవ్వువాని ధైర్యమును ఆశ్చర్యముతో చూచుచున్నది. కాబట్టి త్రవ్వవచ్చునా అనునది మన ప్రశ్న కాదు. త్రవ్విన దానికి ఎవరు జవాబుదారి?

దిబ్బ ఊరకనే నిలిచియున్న మట్టికుప్ప కాదు. వాన కురిసినప్పుడు గులకతో కూడిన ఆ నేల నీటిని పీల్చుకొని, లోలోపల మెల్లగా దిగువ బావులకు, చెరువునకు విడుచును. పెద్దలు దిబ్బ క్రింద బావి త్రవ్వినది ఈ మర్మము ఎరిగియే. క్వారీ నీటిమట్టము కంటె లోతునకు దిగినయెడల నీరు తన దారి మార్చుకొనును. చుట్టుప్రక్కల బావులలోని ఊట క్వారీ గుంత వైపు లాగబడి, ఎండకు ఆవిరియైపోవును. పైరు మీద పడు ధూళి మరియొక సంగతి. ఆకు మీద దుమ్ము పొర కట్టినప్పుడు దానికి వెలుగు సరిగా అందదు. ఇక పైమన్ను. ఒక అంగుళము సారవంతమైన మన్ను ఏర్పడుటకు వందల సంవత్సరములు పట్టును. పొక్లెయిను దానిని ఒక్క పూటలో ఎత్తి ప్రక్కన పారవేయును. మన తాతలు దుక్కి దున్నినది ఆ జానెడు మన్నునే గదా!

యెహెజ్కేలు ద్వారా ప్రభువు గొఱ్ఱెలను అడిగిన ప్రశ్న ఇక్కడ గుచ్చుకొనుచున్నది. మంచి మేత మేయుట చాలదా, మిగిలిన మేతను కాళ్లతో త్రొక్కవలెనా? తేటనీరు త్రాగుట చాలదా, మిగిలిన నీటిని కలకలు చేయవలెనా? మేసినందుకు ఆయన గద్దించుటలేదు. వెనుక వచ్చు బలహీనమైన గొఱ్ఱెకు ఏమి మిగిల్చితివని అడుగుచున్నాడు. ఆ మాట కాపరులతో కాదు, గొఱ్ఱెలతోనే పలికెనని గమనింపవలెను. పాస్టరులను గద్దించు వాక్యమని దీనిని మన మీదినుండి త్రోసివేయుటకు వీలులేదు.

దేశపు చట్టమును గూర్చియు కొంత తెలిసికొనుట మేలు. 1957 నాటి గనుల చట్టములో గ్రావెలునకు పెట్టిన పేరు చిన్నతరహా ఖనిజము. ఈ "చిన్న" అను మాట వలన చాలామంది దాని నష్టమును కూడ చిన్నదిగా తలంచిరి. అయిదు హెక్టారుల లోపు, అనగా పన్నెండెకరముల పైచిలుకు లోపు ముక్కలుగా లీజులిచ్చి, పర్యావరణ అనుమతి అక్కరలేదనుకొను పద్ధతి ప్రబలెను. హర్యానా రాష్ట్రమునకు సంబంధించిన దీపక్ కుమార్ కేసులో 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఆ దారి మూసి, అంత చిన్న లీజుకు సయితము అనుమతి కావలెననెను. ఉన్న క్వారీని పెంచుటకును ముందుగా అనుమతి తీసికొనవలెనన్నది 2006 నాటి నోటిఫికేషనులోనే యున్నది. ఏజెన్సీ గ్రామములలోనైతే 1996 నాటి పెసా చట్టము ప్రకారము గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ సిఫారసు లేక ఇట్టి ఖనిజమునకు లీజు ఇయ్యరాదు. అడుగుట మన హక్కు. అడిగినవానిని అభివృద్ధికి అడ్డుపడువాడని పిలుచు అలవాటొకటి బయలుదేరినది గాని, నాబోతు కూడ రాజుగారి కూరతోటకు అడ్డుపడినవాడే.

ఇప్పుడు గొయ్యిని గూర్చిన చట్టమునకు మరల వత్తము. అందులో రెండు సంగతులు మమ్ములను ఆపినవి. మొదటిది, ఆ గొయ్యి ఎవని పొలములోనున్నదని గాని, త్రవ్వినవాడు కీడు తలంచెనా అని గాని చట్టము విచారించుట లేదు. కప్పితివా లేదా అని మాత్రమే అడుగుచున్నది. "నా భూమి, నా లీజు, నా డబ్బు" అను జవాబు అక్కడ చెల్లదు. రెండవది, క్రొత్త గొయ్యి త్రవ్వినవానితో పాటు పాత గోతి మీది కప్పు తీసినవానిని కూడ అది పట్టుకొనుచున్నది. పెంచుకొను ప్రతి క్వారీ ఈ రెండు పనులను కలిపి చేయుచున్నది. మరి సంతకము చేసినవారి మాట ఏమి? వారి చేతిలో పార లేదు నిజమే. కాని కప్పు తీయుడని చెప్పిన చేయి వారిదే గదా.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనడా అని మన ప్రభువు అడిగెను. గ్రావెలు లెక్కలో సాధారణముగా త్రవ్వు కూలి, డీజిలు, సీనరేజి ఉండును. కప్పు ఖర్చు ఉండదు. పైమన్ను విడిగా కుప్పవేసి కాపాడుట, అంచులు నిట్టనిలువుగా కాక మెట్లు మెట్లుగా వాలు చేయుట, నీటిమట్టమునకు పైననే ఆగుట, పని ముగిసిన వెంటనే ఆ మన్నును తిరిగి పరచుట, ఇవన్నియు కప్పులో భాగములే. ఇవి తరువాత చేయు పనులైనను, ముందే లెక్కకు రావలెను. గ్రావెలు అంతయు అమ్ముడుపోయిన తరువాత గొయ్యి కప్పుటకు తిరిగి వచ్చినవారిని మేము అరుదుగా చూచితిమి. కప్పు ఖర్చు కలిపినప్పుడు లోడు వెల పెరుగును, నిజమే. అప్పుడు మన యింటి పునాదికి కూడ ఎక్కువ చెల్లింపవలెను. మనము చవుకగా కొన్నప్పుడు మిగిలిన బాకీ ఆ తల్లి బావిలో నుండి చెల్లుచున్నది.

టిప్పరు నడుపు యువకుని సంగతికి మాయొద్ద సిద్ధమైన జవాబు లేదు. మెట్ట సేద్యములో ఏమి మిగులుచున్నదని అతడడిగిన ప్రశ్న న్యాయమైనది. అయితే మన్ను పరచుటకును, వాలు చేయుటకును, దుమ్ము మీద నీళ్లు చల్లుటకును మనుష్యులు, బండ్లు కావలెను గదా. ఆ పనికి కూలి ఇచ్చువాడు ఎవడని అతని తండ్రియే ఆ సాయంకాలము అడిగెను. ఎవరును పలుకలేదు.

ఆ కూటము తీర్మానము లేకయే ముగిసెను. మరునాడు ఆరాధనయైన తరువాత పెద్దలు, యౌవనస్థులు కలిసి క్వారీ చూడబోయిరి. వెనుక భాగమున, త్రవ్వి విడిచిన పాత గుంత యొకటి నీటితో నిండియున్నది. గట్టు మీద పిల్లల చెప్పులు రెండు జతలు కనబడినవి. అందరి గుండెలు ఝల్లుమన్నవి. పిల్లలు చింతచెట్టు క్రింద ఆడుకొనుచుండిరని తెలిసిన పిమ్మటనే ఊపిరి తీసికొనిరి. వానకాలమున ఇట్టి గుంతలలో ఈతకు దిగి మునిగిన పసివారిని గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. ఎద్దు వెల, గాడిద వెల చెల్లింపవచ్చును. నిర్గమకాండములో ఆ వచనములు బిడ్డ వెల వ్రాయలేదు.

ఆ సాయంకాలమే తాటి మొద్దులు, కంపలు తెచ్చి గుంత చుట్టు కంచె వేసిరి. టిప్పరు నడుపు యువకుడే ట్రాక్టరు అడిగి తెచ్చెను. వేరుశనగ చేని తల్లి అందరికిని మజ్జిగ పోసెను. లీజుదారుని కాగితము సంతకములు లేకయే గుడి బీరువాలో నున్నది. దాని వెనుక ప్రక్కన పెద్దలలో నొకరు పెన్సిలుతో గుంత కొలతలు వ్రాసిరి: పొడవు, వెడల్పు, లోతు, కప్పుటకు పట్టు మన్ను ఎన్ని లోడ్లు అని. గుడి ఆవరణ ఇంకను పల్లముగానే యున్నది.