గోదారి మీద కరువుసీమవాడు

చిత్రావతి, పాపాఘ్ని మా పక్క నదులు. రెండూ నందికొండల దిక్కున పుట్టినవే. రెండింటిలోనూ ఏడాదిలో ఎక్కువ నాళ్లు కనిపించేది ఇసుకే. చిక్కబళ్లాపురం జిల్లా చాకవేలులో పుట్టి పెరిగినవాడికి నీళ్లంటే వెయ్యి అడుగులు దాటిన బోరు, అందులోంచి వచ్చే ఫ్లోరైడు నీళ్లు. పాపికొండల బోటు యాత్రకు అమ్మను తీసుకుని బయల్దేరినప్పుడు నాకు కొండల మీద ధ్యాస లేదు. కళ్లారా నీళ్లు చూడాలి, అంతే.

రాజమండ్రి నుంచి గండిపోచమ్మ గుడి దాకా బస్సు, అక్కడ బోటు. ఎక్కగానే లైఫ్ జాకెట్లు ఇచ్చారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగి యాభై మంది దాకా పోయిన సంగతి నా మనసులోంచి కదల్లేదు. అమ్మ జాకెట్టు పట్టీలు బిగించి, మళ్లీ లాగి చూశాను. బోటు నది నడిమధ్యకు చేరాక ఆ భయం దానంతటదే సద్దుమణిగింది. ఎటు చూసినా నీళ్లే. కొండలు రెండు వైపులా దగ్గరికి జరిగి, నది సన్నబడి, నీళ్ల రంగు చిక్కబడిన చోట నా ఒళ్లు ఝల్లుమంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

సరిగ్గా అక్కడే స్పీకర్ల హోరు పెంచారు. డాన్సులకు రమ్మని మైకులో పిలుపులు. పేరంటపల్లిలో బాలానంద స్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం దగ్గర అరగంట ఆపారు. గుడిలో కూర్చుందామనుకునేలోపే ఈల. కొండరెడ్ల ఆడవాళ్లు అమ్ముతున్న వెదురు పూలు అమ్మ చేతిలోకి తీసుకుంది గానీ, బేరం తెమలకముందే మళ్లీ ఈల. నాకు కోపం వచ్చింది. ఇంత నదిని నాకు నిమ్మళంగా చూడనివ్వరేం అని.

ఆ కోపం సంగతే తర్వాత చాలా ఆలోచించాను. పాటల హోరుకు అంతలా చిరాకుపడ్డవాణ్ణి, దేవీపట్నం దగ్గర నీళ్లలో నిలబడ్డ గోడల్ని చూసి చలించలేదు. అవి కూడా చూడవలసిన వింతల్లో ఒకటిగానే చూశాను. "ఇన్ని నీళ్లు ఊరికే సముద్రంలోకి పోతాండాయి గదరా" అంది అమ్మ. నా మనసులో ఉన్నదీ అదే. ఇందులో కాస్త మా చెరువులకు మళ్లిస్తే ఏం పోయింది అనే దురాశ, ఇక్కడివాళ్ల మీద అసూయ.

బోటులో పనిచేసే కుర్రాడు అమ్మ మాట విన్నాడు. "ఆ గోడల వెనకేనండి మా ఇల్లు" అన్నాడు. 2021లో పోలవరం కాఫర్ డ్యాం కట్టి నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక వరదకు అక్కడి ఊళ్లు నిలవలేదు.

"ఇప్పుడు యాడుంటాండావు నాయనా?"

"కాలనీ ఇచ్చారండి."

"నీళ్లో?"

"బోరండి."

అమ్మ ఇంకేమీ అడగలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మాత్రం అడిగింది: "మనకు నీళ్లొచ్చేటప్పుడు ఎవురి ఊరన్నా మునగల్లా?"

మా సీమకు నీళ్లు తెస్తామన్న ఎత్తినహొళె పథకానికి 2014లో చిక్కబళ్లాపురంలో శంకుస్థాపన చేశారు. శాశ్వత నీరావరి (నీటిపారుదల) కోసం జరిగిన సభల్లో నేనూ గొంతు కలిపాను. ఆ పథకంలో కొరటగెరె తాలూకా బైరగొండ్లు దగ్గర జలాశయం తలపెట్టారు. దాని కింద భూములు, ఊళ్లు పోతాయని అక్కడి రైతులు ఎదురు తిరిగారు. ఆ వార్త చదివిన రోజు, పని ఆలస్యమవుతుందే అని మాత్రమే నేను బాధపడ్డాను. అమ్మకు ఇదంతా చెప్పాను.

"వాళ్లూ మన మాదిరోళ్లే గదా" అంది.

అవునన్నాను. మాకు నీళ్లు కావాలన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేను. మా పిల్లల పళ్ల మీది గార ఆ మాట చెప్పిస్తుంది. ఈసారి సభలో నీళ్లతో పాటు బైరగొండ్లు వాళ్లకు ఏమిస్తారని కూడా అడగాలని ఉంది. అడిగితే మా ఊరివాళ్లే నన్ను పనికి అడ్డుపడేవాడిగా చూస్తారన్న జంకు ఇంకా నాలో ఉంది.