బడి యిల్లైన వేళ

గుడి జీర్ణమైనప్పుడు చేయవలసిన దేమో మన ఆగమములు నిస్సందేహముగా చెప్పినవి: రాతిని కదల్చుటకు ముందు మూర్తియందలి కళను కలశోదకములోనికి ఆకర్షించి, బాలాలయమను తాత్కాలిక మందిరమున నిలిపి, జీర్ణోద్ధారణము ముగిసిన పిమ్మట మరల ప్రతిష్ఠింపవలెను. యాదగిరిగుట్టలో 2016 మొదలు 2022 మార్చి వరకు భక్తులు నరసింహస్వామిని బాలాలయముననే సేవించుకొనిరి. గుడికి జంటమాటగా మనము వాడుకొను బడికి మాత్రము ఇట్టి క్రతువేదియు లేదు. పిల్లలు వెడలిపోదురు, తలుపునకు తాళము పడును, కొంతకాలమునకు ఎవరో కొనుక్కొని అందు పొయ్యి వెలిగింతురు. అంతదనుక ఆ గోడల నడుమ సరస్వతి యున్నదని నమ్మినవారు ఆమె యెప్పుడు, ఏ ద్వారమున వెడలినదని చెప్పగలరు?

భిక్నూరున సిద్ధరామేశ్వరుని సన్నిధినుండి యీవలకు వచ్చుచుండగా ఈ ప్రశ్న నన్ను పట్టుకొన్నది. కామినేని ప్రభువుల నాటి బిక్కనవోలు ఇదియే. షట్చక్రవర్తి చరిత్రమును రచించిన మల్లారెడ్డి ఈ గడ్డకు చెందిన కవి. నేడు తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణమును ఇచ్చటనే కలదు. ఆ కావ్యమునకును ఈ ప్రాంగణమునకును నడుమ గడచిన శతాబ్దములలో మన పల్లెల చదువు చాలవరకు ఏ యింటి అరుగుపైననో, ఏ గుడి మండపముననో సాగినదే గాని, బడి యను పేరు గల కట్టడమున సాగినది కాదు. అరుగనగా నేమి? ఒకవైపు ఇంటిగోడ, మూడువైపుల గాలి, పైన పెంకుల చూరు, క్రింద పేడతో అలికిన మట్టి, ఎదుట వీధి. ఎక్కము తప్పినచో పంతులుకంటె ముందుగా బిందెతో పోవుచున్న అవ్వయే దిద్దగలిగిన పాఠశాల యది! 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో 533 బడులను, 6,641 మంది విద్యార్థులను లెక్కించి వ్రాసిన నివేదికలోనివి పెక్కు ఇట్టివే కావచ్చును. నిజాము ప్రభుత్వము ఖాన్గీ, అనగా ప్రైవేటు, బడులకు ముందుగా అనుమతి వలయునని నిర్బంధించినప్పుడు మూతపడినవి యెన్నియో. కాని తాళము వేయుటకు తలుపేది? పంతులు ఊరకుండిన చాలును, బడి మరల అరుగైపోయెడిది.

ఇట్టి అరుగుమీది చదువు పద్ధతి యొకటి సముద్రము దాటిన వృత్తాంతము కలదు. మద్రాసున దేశీయ బాలురు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండగా చూచిన ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు ఆ పద్ధతిని తన అనాథశాలలో ప్రవేశపెట్టి, స్వదేశమునకు మరలి, 1797లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఇంగ్లండు పల్లెలలో ఆ పద్ధతి అనుసరించిన బడులు వెలసినవి. ఇసుక వెళ్ళెను గాని అరుగు వెళ్ళలేదు. అచ్చటి శీతలమునకు అరుగు పనికిరాదు గదా. రాతిగోడలు, నిటారుగా లేచిన కప్పు, గంటకొక చిన్న గోపురము, కూర్చున్న పిల్లవాని చూపు వీధిపై పడకుండునంత యెత్తున కిటికీలు, బాలురకొక ద్వారము, బాలికలకొక ద్వారము, వానిపై చెక్కిన అక్షరములు: ఇది పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల గ్రామపాఠశాల రూపము. పిల్లలు తగ్గగా వానిలో ననేకము నేడు సంసారుల యిండ్లైనవి.

ఆ యిండ్ల క్రింది నేల కథ మరింత విచిత్రము. 1841 నాటి పాఠశాలా స్థలముల చట్టము ననుసరించి భూస్వామి బడికై యిచ్చిన నేల, బడి నిలిచిపోయిన నాడు, దాత ఆస్తిలోనికే తిరిగి పోవలసియుండెడిది. దానము ప్రయోజనముతో పుట్టి ప్రయోజనముతో గిట్టునని ఆ చట్టకర్తల తలంపు. మన శాసనకర్తల తలంపు దీనికి పూర్తిగా విరుద్ధము: తానిచ్చినదైనను పరులిచ్చినదైనను భూమి నపహరించువాడు అరువదివేల యేండ్లు మలమున క్రిమియై పుట్టునని తెలుగునేల నెన్ని శిలలపై చెక్కియుండలేదు! ఒకరికి దానము ఋణమువంటిది, మరియొకరికి కన్యాదానమువంటిది. నాకు ఆంగ్లేయుల న్యాయము కొంత లోభముగా తోచును. కాని దాత ముఖమును మరువనీయకపోవుట అందలి గుణమని యొప్పుకొనక తప్పదు.

విద్య సంగతి వేరు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఆచార్యుని పూర్వరూపముగను, అంతేవాసిని ఉత్తరరూపముగను, విద్యను సంధిగను, ప్రవచనమును సంధానముగను నిరూపించినది. రెండక్షరములు కలియుచోట పుట్టు సంధి ఏ యొక్క అక్షరముననైన నుండునా? అట్లే ఉపాధ్యాయుడును శిష్యుడును ఎదురెదుర కూర్చున్నంతసేపు సరస్వతి యుండును, లేచినచో లేదు. ఆ సంధిలో గోడకు స్థానమే కనబడదు. కావుననే బడికి కళాకర్షణము విధింపబడలేదని నా యూహ: ఆకర్షించుటకు రాతిలో నిలిచిన దేమియు లేదు. కొన్నవాడు భయపడవలసినది దేవికి కాదు; ఆ స్థలము ఊరిదై యుండి తనదైనదా, అది యెట్లైనది అను లెక్కకే.

గోడ లేకయే విద్య నిలుచుననుటకు ఓనమాలను చూడుడు. ఓం నమః శివాయ సిద్ధం నమః అను దాని వాడుకరూపమే యది. అందలి ఉత్తరభాగము జైనుల నమస్కారమని పలువురు పండితుల యభిప్రాయము. భిక్నూరునకు మిక్కిలి దూరము కాని బోధన్ పట్టణమున ఒకనాడు వెలిగిన జైనమునకు నేడు ఆ వెలుగు లేదు; ఆ నమస్కారము మాత్రము శైవుని యింటి అరుగుపై, వైష్ణవుని యింటి అరుగుపై, దాని పుట్టుక నెరుగని పసినాలుకలపై కాపురముండెను.

ఆంగ్ల పల్లెలోని గృహస్థుడు బాలికలు అని చెక్కిన ద్వారము క్రిందుగా నేటికిని తలవంచి తన యింట ప్రవేశించుచుండును. మన అరుగులపై నెవరును ఏమియు చెక్కలేదు. పొద్దుగ్రుంకగానే పంతులు లేచిపోయెడివాడు. ఇంటి యిల్లాలు అక్షరములున్న యిసుకను చీపురుతో ఒకమూలకు ఊడ్చి నీళ్ళు చల్లెడిది. రాత్రి భోజనమైన పిమ్మట ఇంటి యజమాని అచ్చటనే చాప పరచుకొని, గాలి బాగుగ వచ్చువైపునకు తల పెట్టుకొని, పండుకొనెడివాడు.